మందు డబ్బాలో రెండు మందులు కలపొద్దు



పోయిన వారం పక్క మండలం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. వాళ్ళ నాయనకు పంట కాపలాకని లైసెన్సు తుపాకీ వుండేది. ఆయన పోయినాక లైసెన్సు తన పేరుకు మార్పించుకున్నాడు. ఇప్పుడు చెనిక్కాయ ఊడలు దిగినాయి, పందులు మొదలైనాయి. "అన్నా, మా నాయన వుంచిన పాత డబ్బాలో సగానికి మందు వుంది. నేను అంగట్లో కొత్తది కొంచెం తెచ్చినా. రెండూ నల్లమందే గదా. ఒక డబ్బాలో పోసి కలిపేస్తే సీజనంతా సరిపోతుంది. కలపొచ్చునా?" అని అడిగినాడు.

కలపొద్దు తమ్ముడూ అన్నా. ఎందుకన్నా అన్నాడు.

అక్కడ నాకు మాట రాలేదు. "చేన్లో వుండా, సాయంత్రం చేస్తా" అని ఫోన్ పెట్టేసినా. సాయంత్రం చేయలేదు. మరుసటి దినం చేసి, కలపొద్దు, ఆ పాత డబ్బా ముట్టుకోవద్దు, మిగతాది రాస్తా చదువుకో అని చెప్పినా. ఎందుకు అనేదానికి జవాబు చెప్పాలంటే 1994లో మా చేన్లో జరిగింది మొత్తం చెప్పాల. ఇన్నేండ్లు దాన్ని సగమే చెప్పుకుంటూ వచ్చినా. ఈ రోజు పూర్తిగా రాస్తా. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. ఇంట్లో పాత తుపాకీ వున్నవాళ్ళు తప్పకుండా చదవండి.

ముందు తెలియని పిల్లోళ్ళకు ఒక మాట. మన పల్లెల్లో పంట కాపలాకు వుండే తుపాకీ తూటా పెట్టి కొట్టేది కాదు. గొట్టం మూతిలో నుంచి మందు పోసి, పీచో పాతగుడ్డో పెట్టి, కడ్డీతో దట్టించి, వెనకాల ముక్కు మీద కేపు పెట్టి కొట్టేది. పోలీసోళ్ళ కాగితాల్లో దీన్ని ఎస్‌బీఎంఎల్ అని రాస్తారు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్లో, నిజంగా పంట కాపాడుకునేదానికి ఇట్లాంటి మూతి తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చునని ప్రత్యేకంగా రాసే వుంది. మా చిన్నాయనకు అట్లాంటి లైసెన్సే వుండేది. ఎలక్షన్లు వస్తే తీసుకపోయి స్టేషన్లో పెట్టేది, అయిపోయినాక తెచ్చుకునేది, టైముకు రెన్యువల్ చేయించుకునేది. దొంగ తుపాకీ కాదు. ఈ మాట ఎందుకు చెప్తా వుండానంటే, లైసెన్సు వుంటే అంతా క్షేమమే అని మనం అనుకుంటాం. లైసెన్సు తుపాకీకి. డబ్బాలో ఏముందో చూసుకోవాల్సింది మనమే.

ఆ ఏడు మాకు మూడెకరాల టీఎంవీ-2 చెనిక్కాయ. వానలు బాగానే పడినాయి. కాయ పాలు పట్టే టైముకు గుట్ట మీద నుంచి పందులు దిగడం మొదలుపెట్టినాయి. మీకు తెలియనిది కాదు. పది పందులు ఒక్క రాత్రి పడితే నాగలి దున్నినట్టే. తిన్నది తక్కువ, తిరగేసింది ఎక్కువ. నాయనకు ఆయాసం, రాత్రి చలికి పనికిరాడు. అందుకని చిన్నాయనా నేనూ మంచె మీద పడుకునేవాళ్ళం. నాకు అప్పుడు 17 ఏండ్లు. ఇంటర్ ఒక సబ్జెక్టు పోగొట్టుకుని ఇంట్లో వుండా.

చిన్నాయన పందుల్ని చంపేదానికి కొట్టేవాడు కాదు. రవ్వలు పోయకుండా ఉత్త మందు వేసి, పీచు గట్టిగా దట్టించి, గుట్ట దిక్కుకు పైకి కొట్టేవాడు. శబ్దానికే అవి పరిగెత్తేవి. వినాయక చవితి ముందర నుంచి కాయ పీకేదాకా రాత్రికి రెండు మూడు దెబ్బలు. అంటే మందు బాగానే కావాల.

ఆ ఏడు మందు తక్కువ పడింది. అంగట్లో కొన్నది పాత డబ్బాలో కొంచెమే మిగిలింది. రెండేండ్ల నాటిది, వానాకాలం దూలం మీద వుండి కొంచెం చెమ్మ పట్టింది. ఆరబెట్టినారు. దాని పలుకు కొంచెం లావు. "మందు చాలదురా, టౌనుకు పోవాల" అని చిన్నాయన అంటా వుండినాడు. పోతే ఒక దినం పని పోతుంది, బస్సు చార్జీలు, చేతిలో డబ్బు లేదు. నాకేమో చిన్నాయనకు ఏదో ఒకటి చేసి చూపించాలని. పరీక్ష తప్పినోడికి వుండే తపన అది.

మా ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో ఒకాయన మందు చేసి అమ్మేవాడని స్నేహితుడు చెప్పినాడు. లైసెన్సు లేదు, ఏమీ లేదు. జాతర్లకు ఔట్లు కూడా ఆయనే చేసేది. నేను సైకిల్ వేసుకుని పోయి, కాగితంలో పొట్లం కట్టించుకుని వచ్చినా. సన్నటి పొడి. గోధుమపిండి మాదిరి. నల్లగానే వుంది గానీ ఎండలో చూస్తే అక్కడక్కడ తళుక్కుమంటా వుండింది. మంచి సరుకు కాబట్టే మెరుస్తుందని అనుకున్నా. చిన్నాయన ఇంట్లో లేనప్పుడు ఆ పొట్లం ఆ పాత డబ్బాలో వంచి, మూత పెట్టి, బాగా కలవాలని నాలుగుసార్లు ఊపినా. సాయంత్రం "చిన్నాయనా, డబ్బా నిండింది, నీకు టౌనుకు పోయే పని లేదు" అన్నా. ఆయన "యాడిదిరా" అన్నాడు. "తెచ్చినా" అన్నా. అంతే. ఇంకో మాట అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. తర్వాత జరిగింది దేవుడి శాపం కాదు, తుపాకీ పాతదైనందుకూ కాదు. ఒక్కొక్క మెట్టూ మన కంటికి తెలిసిన సంగతే.

బియ్యంలో నూకలు కలిపి డబ్బాలో పోసి, బండి మీద పది మైళ్ళు తీసుకపోండి. దించి చూస్తే ఏమైతుంది? నూకలు అడుగున, బియ్యం పైన. ఎంత బాగా కలిపినా అంతే. మందు కూడా అంతే. లావు పలుకు పైకి వస్తుంది, సన్నపొడి సందుల్లో నుంచి జారి అడుక్కు పోతుంది. మా డబ్బా దినమూ సైకిల్ హ్యాండిల్‌కు వేలాడుతూ గతుకుల బాటలో చేనికి పోయేది, తెల్లారి ఇంటికి వచ్చేది. వారం పది దినాలు అట్లా ఊగింది. నేను కలిపినా అనుకున్నా. డబ్బా దాన్ని మళ్ళీ వేరు చేసి పెట్టింది.

మొదటి వారం చిన్నాయన కొలిచి పోసిందంతా పైన వున్న లావు పలుకు. చెమ్మ తగిలి ఆరిన మందు. దాంట్లో బలం లేదు. తుస్సుమని పొగ ఎక్కువ, శబ్దం తక్కువ. పందులు చెవులు నిక్కబొడుచుకుని చూసి మళ్ళీ మూతి మట్టిలో పెట్టేవి. చిన్నాయన దగ్గర వెదురుబొంగు ముక్క ఒకటి కొలతగా వుండేది. ఎప్పుడూ ఒక కొలతే. ఆ వారం శబ్దం చాలలేదని కొలతన్నర పోసేదానికి మొదలుపెట్టినాడు. పీచు కూడా ఇంకా బిగించి దట్టించినాడు. అదీ న్యాయమే. మనం కూడా మందు పనిచేయలేదంటే ట్యాంకుకు ఒక మూత ఎక్కువ పోస్తాం గదా.

రెండో వారానికి పైన లావు పలుకు అయిపోయింది. ఇప్పుడు డబ్బాలో మిగిలింది ఏమి? అడుగున చేరిన సన్నపొడి. నేను తెచ్చిన పొట్లం. కొలత మాత్రం కొలతన్నరకు పెరిగే వుంది.

దసరా రెండు దినాలు వుందనగా, తెల్లవారుజామున పందులు పడినాయి. నేను టార్చి పట్టుకున్నా. చిన్నాయన దట్టించి, కేపు పెట్టి, భుజానికి ఆనించుకుని కొట్టినాడు. ఆ శబ్దం తుపాకీ శబ్దం కాదు. ఔటు పేలినట్టు ఒకటే చరుపు. తుపాకీ కిందపడింది. గొట్టం వెనకాల, కేపు పెట్టే ముక్కు దగ్గర, జొన్నకంకి పొత్తు విప్పినట్టు చీలింది. చిన్నాయన రెండు చేతులతో మొహం పట్టుకుని "ఒరే, టార్చి ఆర్పినావా" అన్నాడు. టార్చి వెలుగుతానే వుంది.

ట్రాక్టర్లో రోడ్డు దాకా, అక్కడి నుంచి జీపులో వేలూరుకు తీసుకపోయినాం. కుడికన్ను పోయింది. కుడిచెవి సగం వినపడదు. చెంప మీద నల్లచుక్కలు మందు గుచ్చుకున్నవి, ఈనాటికీ అట్లానే వుండాయి. ఆ ఏడు చెనిక్కాయ డబ్బు ఆస్పత్రికి చాలలేదు. చిన్నమ్మ మెడలోది అమ్మింది.

ఊర్లో అందరూ ఒకటే మాట. "పాత తుపాకీ. గొట్టం తుప్పు పట్టుంటుంది. అందుకే చీలింది." చిన్నాయన కూడా అదే చెప్పినాడు. పోలీసోళ్ళు వచ్చి అడిగినా అదే చెప్పినాడు. నేను పక్కనే నిలబడి విన్నా. మందు పొట్లం సంగతి నా నోట్లో నుంచి రాలేదు. డబ్బాలో మిగిలిన చారెడు పొడి రాత్రిపూట తీసుకపోయి పాడుబావిలో పడేసినా.

ఆ తర్వాత ఈ మందు సంగతి తెలుసుకోవాలని నాకు ఒక పట్టు పట్టింది. టౌన్లో లైసెన్సు అంగడి పెద్దాయన దగ్గర కూర్చుని అడిగినా, దొరికిన పుస్తకాలు చదివినా. తెలుసుకున్నది నాలుగు మాటల్లో చెప్తా.

నల్లమందు అంటే సూరేకారం, గంధకం, బొగ్గు. ఈ మూడు అన్ని నల్లమందుల్లో వున్నా అన్నీ ఒకటి కాదు. మందు పలుకు పైనుంచి లోపలికి కాలుతుంది. పెద్ద మొద్దు నిదానంగా కాలుతుంది, అదే మొద్దును చీల్చి పుల్లలు చేస్తే బుగ్గుమంటుంది గదా. అట్లానే లావు పలుకు నిదానం, సన్నపలుకు దూకుడు. అందుకే ఫిరంగికి లావు పలుకు, చిన్న తుపాకులకు సన్నపలుకు అని మందు కర్మాగారాల్లో జల్లెడ పట్టి వేరు చేస్తారు. ఒక కొలత మందు అంటే అది ఏ పలుకు, ఎంత గట్టిగా ఒత్తి చేసింది అనేదాన్ని బట్టి బలం మారిపోతుంది. ఒక చేతి మందుకు సరిపోయిన వెదురుబొంగు కొలత ఇంకో చేతి మందుకు సరిపోవాలని లేదు. తూకంలోనే తేడా వస్తుంది.

మరి కర్మాగారాల్లో కలపరా అని మీరు అడగొచ్చు. కలుపుతారు. కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో 1791 నుంచే ఇంగ్లీషోళ్ళు తుపాకీ మందు చేయించినారు. అట్లాంటి చోట్ల ఒక వాయికీ ఇంకో వాయికీ తేడా రాకుండా వాళ్ళు కలుపుకుంటారు. కానీ ఒకే రకం, ఒకే పలుకు కలుపుతారు. కలిపినాక కొట్టి చూస్తారు, బలం కొలుస్తారు, అప్పుడు బయటికి పంపిస్తారు. మనం కలిపింది మనం ఎట్లా చూస్తాం? మన మొహం దగ్గర పెట్టుకుని చూస్తాం. అదే తేడా.

చెమ్మ పట్టిన మందు ఆరబెడితే పాత మందు అయిపోతుందని చానామంది అనుకుంటారు. కాదు. ఉప్పు నీళ్ళు పారిన మడిలో నీళ్ళు ఆరితే ఉప్పు పైకి తేలి తెల్లగా పేరుతుంది చూసినారు గదా. మందులో సూరేకారం కూడా తడిలో కరిగి, ఆరేటప్పుడు ఒకచోట పేరుకుంటుంది. ఒక పలుకులో ఎక్కువ, ఒక పలుకులో తక్కువ. అది ఒకసారి తుస్సుమంటుంది, ఒకసారి దూకుతుంది. గడ్డ కట్టిందని రాయితో నలిపేవాళ్ళు కూడా వుండారు. అది నిప్పుతో ఆడుకోవడమే.

తళుక్కుమన్నది ఏమిటో కూడా తర్వాత తెలిసింది. ఔట్లలో, టపాకాయల్లో వేసే మందు వేరే. శబ్దం కోసం దాంట్లో అల్యూమినియం పొడి వేస్తారు, వేరే ఘాటు ఉప్పులు వేస్తారు. అది నెట్టే మందు కాదు, పగలగొట్టే మందు. దాంట్లో కొన్ని రకాలు గంధకంతో కలిస్తే రాపిడికే అంటుకుంటాయి. కడ్డీతో దట్టించేటప్పుడే పేలొచ్చు. చిన్నాయన దట్టించేటప్పుడు ఆ కడ్డీ మీద ఆయన చెయ్యి వుంది, ఆయన పక్కన నేను వుండా. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొక రకం కూడా వుంది. తూటాల్లో వుండే పొగ రాని మందు. కొంతమంది తూటా విప్పి ఆ పొడి మూతి తుపాకీలో పోస్తారు, లేదంటే నల్లమందులో చిటికెడు కలుపుతారు. విదేశాల్లో కూడా గొట్టంలో మసి తక్కువ పడుతుందని ముందు కొంచెం అది, దానిపైన నల్లమందు పోసి కొట్టినవాళ్ళు వుండినారు. ఆ మందు పుట్టించే ఒత్తిడికి మూతి తుపాకీ గొట్టం పనికిరాదు. నల్లమందు కోసం చేసిన తుపాకీలో నల్లమందు తప్ప ఏదీ పోయకూడదు. చిటికెడు కూడా.

ఇవన్నీ తెలుసుకున్నా. తెలుసుకుని కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్తే "నీకెట్లా తెలుసు" అంటారు. అక్కడ మొదలైతే పొట్లం దాకా వస్తుంది.

ఇప్పుడు రెండో సంగతి. అసలు ఈ పోస్టు రాయించింది ఇదే. 1997లో మా ఊర్లో కింద వీధి పెద్దాయన ఒకాయనకు అట్లానే జరిగింది. ఆయనది కూడా లైసెన్సు తుపాకీనే. మా చిన్నాయన సంగతి విని భయపడి, ఉన్న డబ్బు పెట్టి తుపాకీకి కొత్త గొట్టం వేయించుకున్నాడు. "పాత గొట్టం కదా వాళ్ళది చీలింది, నాది కొత్తది" అని ధైర్యంగా వుండినాడు. దీపావళి తర్వాత మిగిలిన టపాకాయలు విప్పి ఆ మందు తన మందులో కలిపినాడు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు పోయినాయి. ఆయన పాలు పిండేవాడు. బొటనవేలు లేకుండా పాలు ఎట్లా పిండుతారు? ఆవుల్ని అమ్ముకున్నాడు.

ఆయన చేసింది తప్పే. కానీ ఆయనకు జబ్బు ఏమిటో తప్పు చెప్పింది మేమే. గొట్టంలో తప్పుందని ఊరంతా నమ్మింది. ఆయన గొట్టం మార్చినాడు. డబ్బాలో తప్పుందని మేం చెప్పుంటే ఆయన డబ్బా చూసుకునేవాడు.

రెండేండ్ల కిందట చిన్నాయనకు మిగిలిన ఎడమకంటికి శుక్లం ఆపరేషన్ చేసినారు. వున్నది ఒకే కన్ను. దానికీ కట్టు కట్టినారు. ఆ ఒక రాత్రి ఆయనకు ప్రపంచమంతా చీకటే. నేను పక్కన పడుకున్నా. ఆయన నీళ్ళడిగినాడు. ఇచ్చినా. తాగి, చేత్తో తడుముకుంటూ గ్లాసు పక్కన పెట్టబోతే కిందపడింది. అది చూసి నేను ఇంక తట్టుకోలేకపోయినా. "చిన్నాయనా, ఆ పొద్దు డబ్బాలో..." అని మొదలుపెట్టినా.

"తెలుసులే రా" అన్నాడు.

నేను ఉలిక్కిపడినా.

"కొలిచి పోసేటప్పుడు టార్చి వెలుతుర్లో మెరిసింది. మన మందు మెరవదు. ఇదేందిరా అని అడగాలనుకున్నా. అప్పుడే కింద కయ్యిలో పందులు పడినాయి. కొట్టినా. చూసి కూడా కొట్టినా. నీదెంత తప్పో నాదీ అంతే."

"మరి తుపాకీది తప్పని ఎందుకు చెప్పినావు?"

"పదిహేడేండ్ల పిల్లోడివి. నా కన్ను యట్లా పోయింది. చిన్నాయన కన్ను తీసినోడని నీకు పేరెందుకు? అదీ గాక లైసెన్సు లేనోడి దగ్గర మందు కొన్నావంటే కేసు."

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. నిద్రపోయినాడనుకున్నా. తర్వాత అన్నాడు. "కింద వీధాయన్ను చూస్తేనే నాకు కష్టం. ఆయన కల్లంలోకి వచ్చి చేటను రెండు అరచేతుల మధ్య పెట్టి ఎత్తుతా వుంటే నేను ఆ పక్కకు పోయేవాణ్ణి. మనం నోరు తెరిచుంటే ఆయన వేలు వుండేది గదరా."

నాకు క్షమాపణ దొరికిందని సంతోషపడేదానికి లేకుండా చేసినాడు. ఆయన క్షమించినాడు, ఆయనది ఆయన ఇష్టం. కింద వీధాయన పోయి ఏడేండ్లయింది. ఆయన దగ్గరికి పోయి చెప్పే దారి లేదు. ఆయన కొడుకు దగ్గరికి పోయి చెప్పినా, పోయిన నెలలో. ఆ అబ్బాయి కాసేపు నేల చూసి, "ఇప్పుడెందుకన్నా ఇవన్నీ" అన్నాడు. తర్వాత, "చెప్పేది మాకు కాదు, తుపాకీలు వుండేవాళ్ళకు చెప్పు" అన్నాడు. చిన్నాయన కూడా రాయమన్నాడు. ఇదంతా చదివి వినిపించినాకే పెడతా వుండా. "టార్చి సంగతి కూడా రాయి" అన్నాడు. రాసినా.

ఇంక పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తా.

ఒక డబ్బాలో ఒకే మందు. లైసెన్సు వున్న అంగడిలో, సీలు డబ్బాలో, మీ లైసెన్సు పుస్తకంలో రాయించుకుని తెచ్చిన మందు. ఆ డబ్బాలోనే వుంచండి. కొన్న తేదీ మీద రాయండి. పాతది అయిపోకముందే కొత్తది తెస్తే రెండూ వేరే వేరే పెట్టండి. అర్ధ రూపాయికి పిసినారితనం చేసి కలపొద్దు. ఒకే అంగడిలో కొన్నా, పలుకు వేరైతే వేరే మందే.

లైసెన్సు లేకుండా మందు చేయడం, అమ్మడం నేరం. కొన్నా మనం కేసులో వుంటాం. కేసు సంగతి పక్కన పెట్టండి, వాడు దాంట్లో ఏమి వేసినాడో వాడికే తెలియదు.

శబ్దం తగ్గిందని కొలత పెంచొద్దు. శబ్దం తగ్గిందంటే మందు చెడింది అని అర్థం. పెంచాల్సింది కొలత కాదు, అనుమానం.

డబ్బాతో నేరుగా గొట్టంలో పోయొద్దు. ముందు దెబ్బ నిప్పురవ్వ లోపల మిగిలుంటే మంట డబ్బాలోకి ఎక్కుతుంది. వేరే కొలతతోనే పోయండి. మూతి మీదికి మొహం వంచొద్దు. దట్టించేటప్పుడు పీచు మందుకు ఆనిందా లేదా చూసుకోండి. కడ్డీ మీద గీత పెట్టుకుంటే తెలిసిపోతుంది. మధ్యలో ఖాళీ వుంటే మంచి మందైనా గొట్టం చీలొచ్చు. కేపు కొట్టి పేలకపోతే వెంటనే తిప్పి చూడొద్దు. మూతి ఖాళీ దిక్కుకు పెట్టి కాసేపు అట్లానే పట్టుకోండి. పని అయినాక వేణ్ణీళ్ళతో గొట్టం కడిగి, తుడిచి, ఆరబెట్టి, నూనె పట్టించండి. నల్లమందు మసి గాలిలో చెమ్మ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది.

మీ ఇంట్లో అటక మీద, దూలం మీద, తాతల నాటి డబ్బా వుంటే, దాంట్లో ఏముందో మీకు తెలియకపోతే, మూత తిప్పొద్దు, ఊపొద్దు, పొయ్యిలో వేయొద్దు, నా మాదిరి బావిలో పడేయొద్దు. స్టేషన్లో చెప్పండి, లేదంటే లైసెన్సు అంగడాయనకు చెప్పండి. వాళ్ళు చెప్పినట్టు చేయండి. పిల్లోళ్ళను ఆ పక్కకు పోనీయొద్దు.

ఇంకొక మాట. అడవిపంది కూడా 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. అటవీ శాఖ అనుమతి లేకుండా చంపితే కేసు. తుపాకీ లైసెన్సు వున్నంత మాత్రాన చంపే హక్కు రాదు. తుపాకీ లేనివాళ్ళు కొంతమంది చేనికి కరెంటు తీగ కడతారు, పిండిలో నాటుబాంబు పెడతారు. తీగకు పందికంటే ముందు మన పక్క చేనాయన పడతాడు. బాంబు మన ఆవే కొరుకుతుంది. దయచేసి ఆ పనులు చేయొద్దు.

నేను ఇప్పుడు తుపాకీ పెట్టుకోలేదు. చేని చుట్టూ నాలుగు వరసలు కుసుమ చల్లుతా. ముండ్లకు పందులు కొంచెం వెనక్కి తగ్గుతాయి. బాట దిక్కు సోలార్ కంచె వేసినా. డప్పు వుంది, టార్చి వుంది. పోయిన ఏడు కూడా ఒక మూల అర్ధ ఎకరం తిరగేసినాయి. నష్టమే. లేదనను. కానీ ఆ అర్ధ ఎకరం వచ్చే ఏడు మళ్ళీ పండుతుంది.

ఫోన్ చేసిన తమ్ముడూ, ఎందుకన్నా అని నువ్వు అడిగినదానికి ఇదీ జవాబు. పాత డబ్బాను యాడ వుండేదాన్ని ఆడనే వుంచి, రేపు పొద్దున్నే స్టేషన్‌కు పో. తోడు కావాలంటే చెప్పు, నేను వస్తా. చిన్నాయన కూడా వస్తానన్నాడు.